కప్పామంతే, చెరపలేదు

నమోదు 38

ఎర్రయ్య, ఆయన భార్య సన్యాసమ్మ పొద్దున్నే వచ్చి నా కిటికీ ముందు బైఠాయించారు. పోయినవాళ్ళకు నీళ్ళ వాటా ఉండదు కాబట్టి, పోయిన నెల జ్వరంతో చనిపోయిన కోడల్ని ఇంటి బొమ్మలో, అంటే వాళ్ళ ఫ్యామిలీ ఫొటోలో, కప్పించాలి. చిన్న పనే. కోడలి చుట్టూ గీత గీసి, మాస్కులో ఆ మేర నలుపు నింపితే మనిషి మాయమై, వెనక స్టూడియో పరదా రంగు మిగులుతుంది. పేచీ అంతా అంచు దగ్గర వచ్చింది.

"బావూ, అంచు మెత్తగా ఎట్టు. కత్తెరెట్టి కోసినట్టు ఉండకూడదు. ఇంటికి అరిష్టం," అంది సన్యాసమ్మ.

"మెత్తగా పెడితే నీకే నష్టమమ్మా. దాన్ని ఫెదర్ అంటారు. పక్కనున్న నీ కొడుకు చెవినీ భుజాన్నీ కూడా పొగలాగ తినేస్తాది. బొమ్మలో ఎంత మేర కనబడితే గేటు అంత నీళ్ళే పోస్తాది. రోజూ ఒక గ్లాసు వదులుకుంటావేటి?"

"వదులుకుంటాను. గ్లాసుడు నీల్ల కోసం కోడల్ని కత్తిరించీమంటావా?"

కొండ మీద అందరిదీ ఇదే వరస. దాహంతో నాలుక పిడచకట్టుకుపోతున్నా అంచు మాత్రం మెత్తగా ఉండాలి. ఫెదర్ పెట్టి ఇచ్చాను. సన్యాసమ్మ తెర మీద కోడలు ఉండాల్సిన చోటు తడుముతూ ఏడ్చింది. నేను అందరికీ చెప్పే మాటే ఆమెకూ చెప్పాను. "కప్పామంతే అమ్మా, చెరపలేదు. కిందన అలాగే ఉంది." ఆ మాటతో ఆమె కళ్ళు తుడుచుకుని లేచింది. నా పనిలో నాకు నచ్చేది ఆ ఒక్క మాటే.

మునక రాకముందు నేను ఫ్లెక్సీల షాపులో ఉండేవాణ్ణి. పుట్టినరోజులు, ఓణీల ఫంక్షన్లు, నాయకుడి వెనకాల సింహం, శ్రద్ధాంజలికి తల చుట్టూ వెలుగు, అన్నీ ఈ పలక మీదే చేశాను. అప్పట్లో పలక అంటే ఇంటర్నెట్టులో బ్యానర్లు చేసుకునే ఉచిత సైటు, అంతకంటే ఏమీ కాదు. సముద్రం ఊళ్ళ మీదికి వచ్చినప్పుడు ఆఫీసులు వాటి రికార్డులతో సహా మునిగిపోయాయి. జనం ఫ్యామిలీ ఫొటోలు పెట్టుకున్న ఈ సైటు మాత్రం ఎక్కడో బతికింది. ఇప్పుడు కొండ మీది ఈ నాలుగు బ్లాకుల్లో ఎవరు ఎవరో చెప్పేది ఇదొక్కటే. మెట్ల గేటు దీన్ని చూసే మనిషిని పైకి పోనిస్తుంది. నీళ్ళ గేటు దీన్ని చూసే కొళాయి తిప్పుతుంది. ఇంట్లో ఒకరు వెళ్ళి నిలబడితే చాలు, బొమ్మలో కనబడుతున్న అందరి వాటా పోస్తుంది.

కొత్త ఫొటోలు చెల్లవు. దొంగ ఫొటోలతో దొంగ వాటాలు లాగుతున్నారని సర్వర్ చూసుకునేవాళ్ళు ఆ దారి మూసేశారు. తర్వాత వాళ్ళ ఊరూ మునిగింది. తాళం వేసినవాళ్ళు తాళంచెవితో సహా పోయారు. మునక తర్వాత పుట్టిన పిల్లలకు అందుకే ముఖం లేదు, తల్లి వాటాలో తాగుతారు.

రోజూ చేసిన పని రాసి పెట్టాలని బ్లాకుల అధికారి భానోజీరావు గారి ఆజ్ఞ. పని రెండు ముక్కల్లో అయిపోతుంది. మిగతా చోటు నాది. పలకలోనే ఒక మూల రాసుకుంటాను, పేజీ నిండగానే దాని మీద కూడా ఒక మాస్కు వేసి కప్పేస్తాను. నా ఏడుపు నలుగురూ చదవడం ఎందుకు?

నమోదు 40

మిద్దె మీది ట్యాంకు అడుగు కనబడుతోంది. ఉప్పునీళ్ళను మంచినీళ్ళు చేసే మిషను పోయిన వేసవిలోనే మూలపడింది. ఇక వాన పడాలి, లేదా మనుషులు తగ్గాలి.

భానోజీరావు గారు నోటీసు తెచ్చి, నా కిటికీకి తనే అంటించారు. వాన పడేదాకా ఇంటికి రెండు ముఖాలే కనబడాలి. మిగతావాళ్ళను అమావాస్యలోగా కప్పించాలి.

"బతికున్నవాళ్ళనా సార్?" అన్నాను.

"తాత్కాలికంగానే కన్నారావ్. నువ్వే అంటావు కదా, కప్పడమే కానీ చెరపడం కాదని. నోటీసులో కూడా ఆ మాటే రాయించాను, చూడు."

చూశాను. అడుగున పెద్ద అక్షరాల్లో నా మాటే ఉంది. తలకొట్టేసినట్టయింది. మాట నాదైనందుకు కాదు, అది ఇంత బాగా పనికొచ్చినందుకు.

కప్పినవాళ్ళకు మెట్ల గేటు తెరుచుకోదు. వాళ్ళు కింద, ఒకప్పటి పార్కింగులో ఉండాలి. ఉప్పునీళ్ళు అక్కడి స్తంభాల మొదళ్ళ దాకా వచ్చి ఉన్నాయి. ఇంట్లోవాళ్ళు తమ వాటాలోంచి మిగిల్చి, దిగి వెళ్ళి పోయాలి.

ఆయన అందరికంటే ముందు తన భార్య శారదమ్మ గారిని కప్పించారు. వాళ్ళు ముగ్గురు, ఆయన, ఆమె, కొడుకు. "మనం ముందుంటేనే జనం వింటారు," అన్నారు. శారదమ్మ గారు సంచీ సర్దుకుని, ఇస్త్రీ చీర కట్టుకుని దిగి వెళ్ళారు. ఆమె కూడా అంచు మెత్తగానే అడిగారు.

నమోదు 41

మా ఇంటి బొమ్మలో నలుగురం. నేను, నా భార్య వరాలు, మా అక్క దాలమ్మ, నా కూతురు ఝాన్సీ. నాలుగేళ్ళ ఝాన్సీ ముందు నిలబడితే, వెనకనుంచి అక్క దాని తల మీద చెయ్యి పెట్టి ఉంటుంది. అది కదలకుండా ఉండాలని ఫొటోగ్రాఫరే పెట్టమన్నాడు. వరాలు మునకైన మొదటి ఏడే జ్వరంతో పోయింది. ఆమెను కప్పింది నేనే, ఫెదర్ ఎంత పెట్టానంటే నా ఎడమ భుజం ఇప్పటికీ మసకగానే ఉంటుంది. ఆ నీళ్ళు పోతే పోయాయి.

అంటే ఇప్పుడు కనబడేది ముగ్గురం. ఒకరు దిగాలి.

"ఇందులో ఆలోచించడానికేటుందిరా?" అంది అక్క, బియ్యంలో రాళ్ళేరుతూ. "నాను ఎల్తాను."

"నేను వెళ్తానక్కా. నువ్వు ఝాన్సీని చూసుకో."

"నువ్వెల్తే ఆ పలక ఎవుడు నొక్కుతాడు? ముకం కనబడకపోతే అది నిన్ను లోపలికి రానీదు గదా. రేప్పొద్దున్న వానొచ్చాక మా ముసుగులు ఎవుడు తీత్తాడు? నీ తాతా?"

నా ముఖం చూసే పలక తెరుచుకుంటుంది. ఈ నాలుగు బ్లాకుల్లో ఆ పని తెలిసినవాణ్ణి నేనొక్కణ్ణే. అక్క ఎప్పుడూ ఇంతే. నన్ను పెంచినప్పటినుంచీ తన మాటకు ముందే కారణం వెతికి పెట్టుకుని, ఆ తర్వాతే నోరు విప్పుతుంది.

"అత్తా, నువ్వు కిందకెల్తే నాకు జడ ఎవులేత్తారు?" అంది ఝాన్సీ.

"మీ నాన్న ఏత్తాడు. ఫ్లెక్సీలో ఎంతమందికి జడలెట్టేడో, నీకొక్కదానికి ఎట్టలేడేటి?"

ఝాన్సీ నవ్వింది. నాకు నవ్వు రాలేదు. కాసేపు అరిచాను, తినకుండా లేచిపోయాను. అక్క రాళ్ళేరుతూనే ఉంది.

నమోదు 43

అక్కను కప్పాను.

చెయ్యి దగ్గర ఆగిపోయాను. ఆ చెయ్యి తీస్తే ఝాన్సీ తల మీద గొయ్యి పడినట్టుంటుంది. దీవిస్తున్న చేతిని కోయకూడదని జనం కూడా గట్టిగా పట్టుబడుతున్నారు. ఎవరి బొమ్మలోనైనా పిల్లల తల మీదో, పక్కవాళ్ళ భుజం మీదో చెయ్యి ఉంటే, అది ఉంచి మిగతా మనిషిని కప్పుతున్నాను. భానోజీరావు గారూ ముఖం కప్పితే చాలునని ఒప్పుకున్నారు. అందుకే అక్క మణికట్టు దాకా గీసి, గాజుల దగ్గర ఆపాను. రెండు ఎర్ర గాజులు, ఒక మట్టి గాజు. చెయ్యి మిగిలింది.

అక్క నా వెనకే నిలబడి చూసింది. "బాగుందిరా," అంది. "ఝాన్సీ గుంట భయపడదు."

"కప్పానంతే అక్కా..."

"చెరపలేదు. తెలుసులేరా. ఊరంతా చెప్తన్నావు, నాకు చెప్పాలేటి?"

మెట్ల గేటు దాటి దిగిపోయింది. వెనకనుంచి గేటు మూసుకుంది.

నమోదు 46

నీళ్ళ గేటు దగ్గర కొత్త తమాషా. ఇంటి వాటా పోస్తూ అది పైకి చదువుతుంది. అక్కను కప్పాక మొదటిసారి మా వంతు వచ్చినప్పుడు ఇలా చదివింది: "తండ్రి ఒకరు. కూతురు ఒకరు. గుర్తు తెలియని చెయ్యి ఒకటి." అని ఒక గుక్క నీళ్ళు వేరేగా వదిలింది.

ఝాన్సీకి కోపం వచ్చింది. "గుర్తు తెలీకపోడమేటి? అది మా అత్తది!"

గేటు వినదు కదా. తర్వాతి ఇంటిని పిలిచింది. ఝాన్సీ రోజూ దానితో పోట్లాడుతోంది, వరసలో వాళ్ళు నవ్వుతున్నారు. ఆ గుక్కను మాత్రం చిన్న గ్లాసులో పట్టుకుని, తనే తొణక్కుండా కిందికి తీసుకెళ్తుంది. "నీ సెయ్యి సంపాదించింది," అని అక్కకు ఇస్తుంది.

కింద చెమ్మ, దోమలు. అక్క స్తంభానికి చీర కట్టి అర చేసుకుంది. పక్క అరలో శారదమ్మ గారు, అవతల ఎర్రయ్య ఇంట్లోంచి దిగిన సన్యాసమ్మ. ముగ్గురూ పెళ్ళి భోజనాల్లో ఏం వడ్డించారో చెప్పుకుంటూ పొద్దు పుచ్చుతున్నారు. పులిహోర దగ్గరికి వచ్చేసరికి గొడవ పడతారట.

నమోదు 49

ఎర్రయ్య పోయాడు. ఇక ఆ ఇంట్లో కనబడేది కొడుకొక్కడే కాబట్టి సన్యాసమ్మ ముసుగు తీయవచ్చు. బతికున్న మనిషిని తిరిగి తెరవడం ఇదే మొదలు. భానోజీరావు గారు గేటు దగ్గర నిలబడి ఆమెను పైకి రప్పించారు. పచ్చి దుఃఖంలో ఉంది, అయినా ముఖం కడుక్కుని వచ్చింది.

మాస్కు తీశాను.

సన్యాసమ్మ ఉండాల్సిన చోట బూడిదరంగు గళ్ళు, తెల్ల గళ్ళు ఉన్నాయి. తుండుగుడ్డ మీద గళ్ళలాగ, వరసగా, శుభ్రంగా ఉన్నాయి. పలకలో ఆ గళ్ళకు ఒకటే అర్థం. అక్కడ ఏమీ లేదు.

వెనక్కి వెళ్ళాను. మళ్ళీ వేసి తీశాను. కోడల్ని తెరిచాను, గళ్ళు. కొడుకు భుజం మీద సన్యాసమ్మ చెయ్యి మాత్రం ఉంది.

"ఏటి బావూ, అయిందా?" అంది ఆమె, కిటికీ అవతలనుంచి.

తెర ఆమె వైపు తిరిగి లేదు. "మిషను ఇవాళ మొరాయిస్తోందమ్మా. గురువారం రా."

"అలగే," అని మళ్ళీ కిందికి దిగిపోయింది. మొగుడు పోయిన రోజున ఒక్క మాట కూడా ఎదురనకుండా దిగిపోయింది. నా మీద నాకే అసహ్యం వేసింది.

నమోదు 50

భానోజీరావు గారి గదికి వెళ్ళి చూపించాను. ఆయన కంగారు పడలేదు.

"ఓ, అదా. డిస్కులో చోటు అయిపోతోందని పలక రోజూ హెచ్చరిస్తోంది కదా. చోటు సర్దే అనుమతి అధికారిగా నా ముఖానికే ఇస్తుంది కదా, అమావాస్య మర్నాడు నేనే శుభ్రం చేయించాను. 'మాస్కుల కింద వాడకంలో లేని భాగాలు తొలగించాలా' అని అడిగింది, అవునన్నాను. సగానికి సగం చోటు మిగిలింది. లేకపోతే ఈపాటికి పలకే ఆగిపోయేది."

"వాడకంలో లేనివి కావు సార్. అవి మనుషులు."

"కనబడని దానికి చోటెందుకు, కన్నారావ్? కప్పేశాం కదా అని..." అని ఆగారు. చేతిలో పెన్ను మూతపెట్టి, తీసి, మళ్ళీ పెట్టారు. "నాలుగు బ్లాకులూ?"

"నాలుగూ."

"అమావాస్యకి కప్పినవి కూడా?"

"అన్నీ సార్."

చాలా చిన్న గొంతుతో అడిగారు. "మా ఆవిడది కూడానా?"

ఆ ఇంటి బొమ్మ తెరిచి తెర ఆయన వైపు తిప్పాను. కొడుకు మోచేతి దగ్గర శారదమ్మ గారి వేళ్ళు నాలుగు ఉన్నాయి. పైన గళ్ళు. ఆయన కళ్ళజోడు తీసి బల్ల మీద పెట్టి, రెండు చేతులతో ముఖం కప్పుకున్నారు. మనిషిని తిట్టాలని వెళ్ళాను. తెర మళ్ళీ నా వైపు తిప్పుకున్నాను.

ఎవరికీ చెప్పవద్దని ఆయన అడిగారు. అడగకపోయినా చెప్పేవాణ్ణి కాదు. ఏమని చెప్పను?

నమోదు 51

వరాలు.

నిన్న తెరవలేదు. ఈరోజు తెరిచాను. నా మసక భుజం పక్కన గళ్ళు. ఆమె నవ్వినప్పుడు పై పన్ను మీదికి పన్ను ఎక్కి కనబడేది, ఫొటోలో అది సర్దమని అప్పట్లో నాతో పోట్లాడింది, నేను సర్దలేదు. ఇప్పుడు ఆ పన్ను నా బుర్రలో తప్ప ఎక్కడా లేదు, నా బుర్రను నమ్మడానికి లేదు. ఆమె బొట్టు గుండ్రమా, నిలువా? ఎంత గింజుకున్నా గుర్తు రావడం లేదు. ఏడ్చాను. ఝాన్సీ చూస్తుండగానే ఏడ్చాను.

ఈ రాతల్లో కూడా ముప్పై ఏడు దాకా పోయాయి, కప్పినవి కదా. ఈ పేజీ ఇంకా నిండలేదు కాబట్టి మిగిలింది. ఇక దేన్నీ కప్పను. చదివేవాళ్ళు చదువుకోండి.

నమోదు 54

చేతనైనవన్నీ చేశాను. పలకలో పాత కాపీలు వెతికాను, లేవు. బొమ్మల పక్కన కనబడే చిన్న నమూనాల్లో వెతికాను, అవీ శుభ్రమైపోయాయి. వెనకటి రోజుకి వెళ్ళే బాణం గుర్తు ఉంది, నొక్కితే శుభ్రం చేసిన రోజు దగ్గర ఆగిపోతుంది.

అక్కదీ నాదీ ఒకే పోలిక. చిన్నప్పుడు అందరూ అనేవారు. అందుకని నా ముఖాన్నే కాపీ చేసి, అటు ఇటు తిప్పి, మీసం తీసి, జుట్టు దింపి, బొట్టు పెట్టి అక్క ఉన్న చోట నిలబెట్టాను. ఫ్లెక్సీ రోజుల్లో ఇంతకంటే కష్టమైనవి చేశాను. నా కంటికి అచ్చం అక్కలాగే ఉంది. ఒక్క క్షణం సంతోషం కూడా వేసింది.

గేటు చదివింది: "ఒకే మనిషి రెండు చోట్ల." మా కొళాయి రెండు రోజులు మూసేసింది.

ఆ రెండు రోజులూ ఝాన్సీ పెదాలు పగిలి, మాట్లాడకుండా పడుకుంది. కిందికి వెళ్ళి అక్కకు చెప్పాను, ఎందుకు మూసిందో మాత్రం చెప్పలేదు. అక్క దిండు కింద నుంచి సీసా తీసింది. ఝాన్సీ రోజూ తెచ్చిన గుక్కలు, తాగకుండా దాచింది.

"గుంటకి ఒక్కసారే ఎత్తి తాగించీకు. కొంచెం కొంచెం," అంది. తర్వాత నా ముఖం చూసి, "ఏటిరా అలగున్నావు? నా బొమ్మ బాగుందా?"

"బాగుంది అక్కా."

"కిందన అలగే ఉందా?"

"అలాగే ఉంది."

నమోదు 57

మబ్బులు పట్టాయి. కొండ మీద అందరూ మిద్దెల మీదికెక్కి బిందెలు బోర్లించి తుడుస్తున్నారు. వానమ్మా రావమ్మా అని పిల్లలు గెంతుతున్నారు, వాళ్ళలో ఝాన్సీ కూడా ఉంది.

వాన పడకూడదని కోరుకునేవాళ్ళం ఇద్దరమే, నేనూ, భానోజీరావు గారూ. ఇద్దరం కిటికీ దగ్గర నిలబడి ఆకాశం చూస్తాం, ఒకరి ముఖం ఒకరం చూసుకోం. వాన పడనంతకాలం కింద ఉన్నవాళ్ళకు ఒక ఆశ ఉంటుంది. అక్క చిక్కి సగమైంది, దగ్గుతోంది. ఆమెకు నీళ్ళు కావాలి. అయినా మబ్బు చెదిరిపోతే నా గుండె కుదుటపడుతోంది. ఇలాంటి మనిషినయ్యాను.

గేటే తీసి పడేస్తే ఏమవుతుందని అడిగాను. "నీళ్ళ వడపోతా, ట్యాంకు మూతలూ, అన్నీ దానికే కట్టి ఉన్నాయి. విప్పి మళ్ళీ కట్టగలవాళ్ళు ఒక్కరు మిగిలినా ఆ పని చేసేవాణ్ణి," అన్నారు ఆయన. ఆ సంగతి నాకూ తెలుసు. ఎవరో ఒకరి నోట వినాలనిపించి అడిగాను.

సన్యాసమ్మ ఈ గురువారం కూడా కబురంపింది. మిషను బాగయిందా అని.

నమోదు 60

వాన.

రాత్రి మొదలై ఇప్పటికీ ఆగలేదు. ట్యాంకు నిండిపోయింది. నిండిన ట్యాంకు చూసి పలక తనంతట తనే ప్రకటన వేసింది: ముసుగులన్నీ తీయవచ్చు. బ్లాకంతా అరుపులు, ఈలలు. తెరవడానికి వీలుగా మెట్ల గేటు రేపు సాయంత్రం దాకా అందరికీ తెరిచే ఉంటుందట.

భానోజీరావు గారు గొడుగు లేకుండా వచ్చారు. "నేను చెప్తాను కన్నారావ్. తప్పు నాది," అన్నారు. నా కిటికీ ముందున్న నోటీసు చించారు. చించిన కాగితాన్ని ఏం చేయాలో తెలియక జేబులో పెట్టుకున్నారు.

నమోదు 61

పొద్దు పొడవకముందే మెట్ల మీద వరస కట్టారు. వానలో తలలంటుకుని, ఉన్నవాటిలో మంచి బట్టలు కట్టుకుని వచ్చారు. కొందరు ముఖాలకు పసుపు కూడా రాసుకున్నారు, ఎక్కడ దాచుకున్నారో. భానోజీరావు గారు బల్ల ఎక్కి నోరు తెరిచారు, వరసలో ఇస్త్రీ చీరతో శారదమ్మ గారు కనబడ్డారు, ఆయనకు మాట రాలేదు. అలాగే నిలబడిపోయారు. జనం అది సంతోషమనుకుని చప్పట్లు కొట్టారు.

వరసలో అందరికంటే ముందు అక్క ఉంది. ఎముకల గూడులా ఉంది, కళ్ళు మాత్రం మెరుస్తున్నాయి. ఝాన్సీ ఆమె కొంగు పట్టుకుని ఉంది.

"తియ్యరా తమ్ముడూ. వానలో తడిసి తడిసి చలేస్తంది."

అబద్ధం ఇంకొకటి దొరుకుతుందేమోనని వెతికాను. దొరకలేదు. మాస్కు తీసి తెర ఆమె వైపు తిప్పాను.

అక్క దగ్గరగా వంగింది. గళ్ళు చూసింది. ఇదేమిటని అడగలేదు. ఫ్లెక్సీ షాపుకి నాకు అన్నం తెచ్చిన రోజుల్లో ఆ గళ్ళు ఎన్నిసార్లు చూసిందో.

"ఎప్పట్నుంచిరా?"

"అమావాస్య మర్నాటి నుంచి. నువ్వు వెళ్ళిన మర్నాటి నుంచే అక్కా." నాకు ముఖం చెల్లలేదు, బల్ల వైపే చూస్తున్నాను. "నన్ను కొట్టు. తిట్టు. ఏదో ఒకటి చెయ్యి."

అక్క తన కుడిచెయ్యి తెర మీది చెయ్యి పక్కన పెట్టి చూసుకుంది. గాజులు ఇప్పుడు మోచేతి దాకా జారుతున్నాయి. బొమ్మలో మాత్రం మణికట్టుకు సరిగ్గా పట్టి ఉన్నాయి.

"సెయ్యి బాగా వచ్చింది," అంది. తర్వాత వెనక్కి తిరిగి వరసను చూసింది. "ఈలందరిదీ ఇంతేనా?"

"అంతే."

"మరి నాకు చూపించినట్టే అందరికీ చూపించు. కప్పకు ఇంక."

చూపించాను. ఒక్కొక్కరికీ తెర తిప్పాను. కొందరు నన్ను కొట్టారు. ఒకడు తెర పగలగొట్టబోతే అతని తల్లే ఆపింది, అందులో తన చెయ్యి ఉందని. సన్యాసమ్మ చాలాసేపు చూసి, "అంచు మెత్తగా ఎట్టేవు బావూ, అదొక్కటీ మంచి పని చేసేవు," అని వెళ్ళిపోయింది. శారదమ్మ గారు భర్త పక్కన నేల మీద కూలబడి ఆయన మోకాలు పట్టుకున్నారు.

సాయంత్రం గేటు మూసుకునే వేళకు అందరూ దిగాలి. కప్పిన మనిషి లోపల చిక్కుకుంటే ఆ ఇంటికే నీళ్ళూ ఉండవు, ఆ మనిషికి బయటికి దారీ ఉండదు. అక్క ఝాన్సీకి గట్టిగా రెండు జడలు వేసి, రిబ్బను ముడి రెండుసార్లు బిగించి, దిగింది. నేను మెట్ల దాకా వెళ్ళాను. తిరిగి వస్తుంటే గేటు నన్ను పైకి పోనిచ్చింది, ఆమెకు మాత్రం మూసుకుంది.

నమోదు 62

వాన ఆగలేదు. ట్యాంకు పొర్లి, మిద్దె మీద నుంచి ధారగా సముద్రంలో పడుతోంది. ఆ చప్పుడు వింటూ నీళ్ళ గేటు ముందు వరసలో నిలబడ్డాం.

మా వంతు వచ్చింది. "తండ్రి ఒకరు. కూతురు ఒకరు. గుర్తు తెలియని చెయ్యి ఒకటి."

ఈసారి ఝాన్సీ అరవలేదు. గ్లాసు పెట్టి, మామూలు గొంతుతో, పేరు అప్పజెప్పినట్టు చెప్పింది. "మా అత్తది. దాలమ్మ."

తర్వాతి ఇల్లు. గుర్తు తెలియని చెయ్యి ఒకటి. "మా అమ్మది, సన్యాసమ్మ," అన్నాడు ఎర్రయ్య కొడుకు. ఆ తర్వాతి ఇల్లు. "మా ఆయనది." "మా చెల్లిది." భానోజీరావు గారి వంతు వచ్చినప్పుడు ఆయన కొడుకు వైపు చూశారు, కొడుకు చెప్పాడు. వరస చివరిదాకా అలాగే చెప్పుకుంటూ వచ్చారు. గేటు ఎవరి మాటా వినలేదు. ఒక్కొక్కరికీ ఒక్కొక్క గుక్క కొలిచి పోసింది.

ఝాన్సీ గ్లాసు తొణక్కుండా పట్టుకుని కిందికి దిగింది. నేను వెనకే వెళ్ళాను.